బాల్కనీలో వాలిన ప్రతి చిలుకా తప్పిపోయిన పెంపుడుది కాదు
వైజాగ్‌లో అపార్ట్‌మెంట్ బాల్కనీలో వాలే చిలుకలు దాదాపుగా ఎవరింటి నుంచో తప్పించుకున్నవేననీ, పట్టి పంజరంలో పెట్టి యజమానిని వెతకమనీ ఒక వ్యాసంలో రాశారు. ఇది తలకిందుల సలహా. రామచిలుక ఇక్కడి అడవి పక్షే, ఊరి పక్కనున్న కంబాలకొండ అడవి నుంచి ఊళ్లోని చెట్టు తొర్రల దాకా ఉంటుంది. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పెంచుకోవడమే నేరం, ఇక యజమాని అని ఎవరొస్తారు? మెడలో పట్టీ లేదని 'ఇదేదో వేరే రకం' అనుకుంటారు చాలామంది. ఆ నలుపు, గులాబి పట్టీ మగదానికే, అదీ రెండు మూడేళ్లకు గానీ తేలదు. ఆడవాటికీ పిల్లలకూ స్పష్టమైన పట్టీ ఉండదు. నీలం, పసుపు రంగు చిలుకలు, బడ్జీలు, కాకటీల్‌లు (ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పెంపుడు చిలుక రకాలు) కనిపిస్తే మాత్రం పెంపుడువనే అనుకోవచ్చు. ఆకుపచ్చదైతే రెక్క చూడాలి. కత్తిరించిన ఈకల కొసలు కత్తెరతో కోసినట్టు వరసగా ఉంటాయి, పంజరం తీగలకు రాసుకుని తోక చివర్లు చితికి ఉంటాయి. ఈక రాలి కొత్తది వస్తే తప్ప కత్తిరించిన రెక్క పెరగదు, అందుకే అలాంటిదాన్ని మేడ మీద నుంచి వదిలితే నేరుగా కాకుల పాలే. అటవీ శాఖకు అప్పగించాలి. ఎండాకాలం మొదట్లో నేల మీద దొరికే పొట్టి తోక పిల్లలు ఎగరడం నేర్చుకుంటున్నవి. గాయం లేకపోతే దగ్గర్లోని కొమ్మ మీద పెట్టి దూరంగా జరగండి, తల్లి వచ్చి మేపుతుంది. నోట్లో నీళ్లు మాత్రం పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతాయి.