ఐదు రూపాయల డాక్టరు పోయాక ఆ కుర్చీలో ఎవరు?

ఉత్తర చెన్నైలో ‘అంజు రూబా డాక్టర్’ (ఐదు రూపాయల డాక్టరు) ఎక్కడ అని అడిగితే ఆటోవాళ్లు ఇంకో ప్రశ్న వేయకుండా తీసుకెళ్లేవారు. వ్యాసర్‌పాడిలో డాక్టర్ తిరువేంగడం వీరరాఘవన్‌కి ఆ పేరు అలా స్థిరపడిపోయింది. 2020 ఆగస్టులో, ఊరంతా కరోనా టెన్షన్‌లో ఉండగా, డెబ్బై ఏళ్ల వయసులో ఆయన గుండెపోటుతో పోయారు. అంతకు ముందు 2018 డిసెంబరులో, రాయపురం ప్రాంతంలో ఇదే పేరు తెచ్చుకున్న డాక్టర్ జయచంద్రన్ కన్నుమూశారు. ఇద్దరూ రెండు రూపాయలతో ప్రాక్టీసు మొదలుపెట్టి ఐదు దగ్గర ఆగిపోయినవాళ్లే.

డాక్టర్లను గుర్తుపెట్టుకోవడం మద్రాసుకు కొత్త కాదు. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా జనరల్ ఆస్పత్రి దగ్గర డాక్టర్ రంగాచారి విగ్రహం ఉంది. ఆయన 1934లోనే పోయారు. నెల్లూరు నుంచి, సూళ్లూరుపేట నుంచి పొద్దున రైలెక్కి పెద్దాసుపత్రికి వచ్చే మనవాళ్లు ఎన్ని తరాలుగానో ఆ విగ్రహం పక్కనుంచే లోపలికి వెళ్తున్నారు. విగ్రహం దాకా రానివాళ్లకు గోడల నిండా ‘కన్నీర్ అంజలి’ పోస్టర్లు పడతాయి. తిరువేంగడం పోయినప్పుడు పత్రికలు, టీవీలు, పార్టీలవాళ్లు అందరూ దాదాపు ఒకే మాట అన్నారు: దేవుడు, త్యాగమూర్తి.

ఆ పొగడ్త దగ్గరే నాకు పేచీ. మనిషిని దేవుణ్ని చేసేశాక ఆయన ఆ పని ఎలా చేయగలిగాడని ఎవరూ అడగరు. తిరువేంగడం మాత్రం దాన్ని దాచుకోలేదు. ముఖ్యమంత్రి కామరాజ్ కాలపు విధానాల పుణ్యమా అని పైసా ఖర్చు లేకుండా చదువుకున్నానని, అందుకే జనం దగ్గర ఫీజు గుంజదలచుకోలేదని చెప్పేవారు. చదివింది స్టాన్లీ మెడికల్ కాలేజీలో, అంటే సర్కారు కాలేజీలో. వేరే చోట ఉద్యోగం కూడా ఉండేది కాబట్టి క్లినిక్ ఆదాయంతో ఇల్లు గడవాల్సిన పని లేదు. మనసు పెద్దదే, ఎవరూ కాదనరు. కానీ నెత్తిన చదువు అప్పు లేదు, నెలాఖరుకి జీతం వస్తుంది. ఈ రెండూ లేకపోతే అంత పెద్ద మనసూ నాలుగైదేళ్లలో నీరుగారిపోయేది.

ఇక ఆ ఐదు రూపాయలు పేషెంటుకి ఏం చేశాయో చూడండి. పులియంతోపు, వ్యాసర్‌పాడి, పెరంబూరు వైపు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. కార్పొరేషన్ పారిశుధ్య పనిలో, మేస్త్రీ పనిలో, ఇళ్లలో పాచిపనిలో ఉన్నవాళ్లే ఎక్కువ. వీళ్లకి జ్వరం వస్తే డాక్టరు ఫీజు చివరి ఖర్చు. మొదటి ఖర్చు పోయిన కూలి. సర్కారు ఆస్పత్రిలో ఓపీ చీటీకి డబ్బులు అక్కర్లేదు, కానీ ఆ ఓపీ నడిచేది పొద్దున పూట. లైన్లో నిలబడి, డాక్టరుకి చూపించుకుని, మందుల కిటికీ దగ్గరికి చేరేసరికి ఆ రోజు పని పోయినట్టే. కాబట్టి మెడికల్ షాపులో నాలుగు మాత్రలు కొనుక్కుని పనికి వెళ్లిపోతారు. దగ్గు నెలలు సాగుతుంది, కాలి పుండు ముదురుతుంది.

తిరువేంగడం రాత్రి పూట కూర్చునేవారు. పని దిగి, స్నానం చేసి, పిల్లాణ్ని చంకనేసుకుని వెళ్లినా డాక్టరు దొరికేవాడు. కూలి పోదు, ఇంట్లో ఎవరినీ అప్పు అడగక్కర్లేదు. పైగా అది ధర్మాసుపత్రి కాదు, ఫీజు ఇచ్చి చూపించుకున్నామన్న మర్యాద కూడా మిగులుతుంది. ఆయన హస్తవాసి మంచిదని చెప్పుకునేవాళ్లు. జబ్బు ముదరకముందే మనిషి డాక్టరు ఎదుట కూర్చోగలిగితే ఏ హస్తవాసి అయినా సగం మెరుగవుతుంది. మిగతా సగం, తల్లికి షుగరుందని, తండ్రి తాగుతాడని, పోయినసారి రాసిన మాత్రలు మధ్యలో మానేశాడని చీటీ చూడకుండానే తెలిసి ఉండటం. బీపీ, షుగరు, ఆయాసం లాంటివాటికి కొత్త మందుల కంటే ఈ ఎరుకే ఎక్కువ పనిచేస్తుంది.

అందరు డాక్టర్లూ ఐదు రూపాయలకే చూడాలనేవాళ్లున్నారు. నాకది అన్యాయంగా తోస్తుంది. కనీసం వంద తీసుకోమని చుట్టుపక్కల డాక్టర్లు తన మీద ఒత్తిడి తెచ్చారని తిరువేంగడమే చెప్పారు. వాళ్లను విలన్లుగా చూడటం సులువే గానీ, గది అద్దె, కాంపౌండరు జీతం, కరెంటు బిల్లు వాళ్లకీ ఉంటాయి. ప్రైవేటు సీటుకి కోటి దాకా పోసి బయటికొచ్చిన కుర్రాడు వ్యాసర్‌పాడి సందులో చిన్న గది తీసుకుంటాడా? వాళ్ల నాన్నే ఒప్పుకోడు. 2020లో సర్కారు బడి పిల్లలకి మెడికల్ సీట్లలో 7.5 శాతం కోటా ఇస్తూ తమిళనాడు చట్టం చేసింది. తిరువేంగడానికి నిజమైన నివాళి లాంటి పని నాకు కనిపించింది అదొక్కటే, ఆయన పేరు మీద చేయకపోయినా.

ఇంకో పని సగం జరిగింది. 2023 జూన్‌లో రాష్ట్రమంతటా నగరాల్లో 500 ఆరోగ్య కేంద్రాలు ఒకేసారి తెరిచారు. పొద్దున 8 నుంచి 12 దాకా, మళ్లీ సాయంత్రం 4 నుంచి 8 దాకా పనివేళలు. పనిచేసుకునేవాడి గడియారం సర్కారుకి ఇన్నాళ్లకి కనబడింది. కాకపోతే అక్కడ కూర్చునే యువ డాక్టరు పీజీ సీటు వచ్చేదాకానో, మెరుగైన పోస్టు దొరికేదాకానో ఉంటే, పేషెంటు ప్రతిసారీ తన కథ మొదటినుంచి చెప్పుకోవాలి. కనీసం ఐదేళ్లు ఒకే కేంద్రంలో ఉండే డాక్టరుకి మంచి జీతం, పీజీ సీట్లలో కొంత వెసులుబాటు ఇవ్వాలి. సాయంత్రం వేళని మరో గంట పొడిగించి తొమ్మిది చేయాలి. కేంద్రం బయట బోర్డు మీద మంత్రి ఫొటో ఉన్నా లేకున్నా, ఆ డాక్టరు పేరు మాత్రం తమిళంలోనూ, తెలుగోళ్లున్న పేటల్లో తెలుగులోనూ పెద్దగా రాయించాలి.