మా చింతచెట్లను లెక్కలోంచి కొట్టేసిన కార్బన్ క్రెడిట్ గారికి

మహారాజశ్రీ కార్బన్ క్రెడిట్ గారి దివ్యసముఖానికి,

కందుకూరు మెట్టలో ఒక పల్లె నుంచి రిటైరైన సోషల్ మాస్టారు నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. మీ కుశలం అడగాలంటే ముందు మీరెక్కడుంటారో తెలియాలి గదా. చెట్లు పెంచి కొట్టకుండా నిలబెడితే, గాలిలో తగ్గిన కార్బన్ డయాక్సైడుకు టన్నుకొకటి చొప్పున చీటీ రాస్తారు, అది అమ్మితే డబ్బొస్తుంది, ఆ చీటీ పేరే కార్బన్ క్రెడిట్ అని చెప్పి మీ మనుషులు మా చేత సంతకం పెట్టించుకుని మూడేళ్ళు దాటింది. మా మాలకొండ నరసింహస్వామి వారానికి ఒక్క శనివారమే గుడి తలుపులు తీయిస్తాడు, నిజమే. కానీ శనివారం కొండెక్కితే కనపడతాడు. మీరు ఏ వారం కనపడతారో చెబితే ఆ రోజే వస్తాం, తలనీలాలు కూడా ఇచ్చుకుంటాం.

నిన్న మీ పేరు మీదనే పిలిచారు. పొద్దున పదింటికి కల్యాణమండపంలో రైతుల సదస్సు, బ్యాంకు పాస్‌పుస్తకం తెచ్చుకోవలెను అని మెసేజీ. పాస్‌పుస్తకం అన్నారంటే డబ్బు పడుతుందనే గదా ఎవరైనా అనుకునేది? ఇస్త్రీ పంచె కట్టుకుని మరీ పోయాను. సార్లు రెండున్నరకు దిగారు. ఈలోపల మాకు జరిగిన మర్యాద ఏందంటే, తలా ఒక ఆకుపచ్చ టోపీ, నల్ల కవర్లో కానుగ మొక్క, పులిహోర పొట్లం, రెండు మిరపకాయ బజ్జీలు. టోపీ తలకు పట్టక మా బావ మోకాలికి తొడిగి చూశాడు. అక్కడ అతికినట్టు సరిపోయింది.

బజ్జీల మాట ఎందుకెత్తానంటే, వేయించింది పామాయిల్లో. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పామాయిల్ దిగుమతి చేసుకునే దేశం మనదే. అందులో కొంత మన కృష్ణపట్నం రేవులోనే దిగి, పక్కనున్న రిఫైనరీల్లో శుద్ధయి, ప్యాకెట్లకెక్కి మా ఊరి బజ్జీల బండి దాకా వస్తుంది. ఇండోనేషియాలో ఏ అడవి కొట్టి వేసిన తోట నూనో, అడవుల గురించి సదస్సులో కూర్చుని మేం తిన్నాం. బాగానే ఉన్నాయి, అబద్ధమెందుకు.

సార్ల వెంట వచ్చిన కుర్రాడు తెర మీద బొమ్మలు వేశాడు. ఒకదాంట్లో కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులు వరసగా నిలబడి నవ్వుతున్నారు. "చూశారా అంకుల్, ఇంతమంది గవర్నర్లు కార్బన్ క్రెడిట్‌ని నమ్మారు" అన్నాడు. ముప్ఫై రెండేళ్ళు నల్లబల్ల మీద అమెజాన్ నది గీసినవాణ్ణి నేను. నా ముందు ఆ బొమ్మ వేయకుండా ఉండాల్సింది.

ఆ గవర్నర్ల సంగతి నాకు కొంత తెలుసు. 2008 నవంబరులో కాలిఫోర్నియా గవర్నరు, అదే, సినిమాల్లో కండలు చూపించిన ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్, బ్రెజిల్, ఇండోనేషియా రాష్ట్రాల గవర్నర్లను కూర్చోబెట్టి ఒక ఒప్పందం రాయించాడు. (అక్కడ గవర్నరంటే మనకు మల్లే ఢిల్లీ నుంచి పంపే పెద్దాయన కాదు. ఓట్లడిగి గెలిచే మన ముఖ్యమంత్రిలాంటి మనిషి.) దేశాలన్నీ కలిసి తేల్చేలోపు అడవి మిగలదు, మనం రాష్ట్రాలమే ఒక మాట మీదికొచ్చి నరుకుడు తగ్గిద్దాం అనేది వాళ్ళ ఆలోచన. ఇప్పుడా కూటమిలో నలభైకి పైగా రాష్ట్రాలున్నాయి. ప్రపంచంలో ఉన్న ఉష్ణమండల అడవుల్లో మూడోవంతుకు మించి వాళ్ళ హద్దుల్లోనే ఉంది. మన దేశం నుంచి ఒక్క రాష్ట్రమూ అందులో లేదు, అది వేరే ఏడుపు. ఆలోచనకు వంక పెట్టను. అడవికి కాపలా పెట్టేదీ, పట్టా రాసేదీ, రోడ్డు వేసేదీ, చూసీచూడనట్టు పోయేదీ చాలావరకు ఆ రాష్ట్రం మనుషులే. ఒక్క తోపును కాపాడితే గొడ్డలి పక్క తోపులోకి పోతుంది గనక రాష్ట్రం మొత్తాన్నీ ఒక్క లెక్కగా కట్టాలన్నారు, అదీ బాగానే ఉంది.

కానీ వాళ్ళందరూ కూర్చున్నది ఎవరి కోసం? మీ కోసమే గదా స్వామీ! 2014 ఆగస్టులో బ్రెజిల్లో ఆక్రే రాష్ట్రం ముఖ్యపట్టణం రియో బ్రాంకోలో, 2020 కల్లా అడవుల నరికివేత 80 శాతం తగ్గిస్తామని రాసిచ్చారు. దానికొక షరతు. పని చూసి ఇచ్చే డబ్బు చాలినంతగా, చాలాకాలం వచ్చేటట్టయితేనే. అంటే, తమరు వేంచేస్తే. 2020 వచ్చింది. మీరు అనుకున్నంతగా రాలేదు. బ్రెజిల్ అమెజాన్‌లో 2004లో ఒక్క ఏడాదిలోనే 27 వేల చదరపు కిలోమీటర్లకు పైగా అడవి పోయింది. 2012కి అది నాలుగున్నర వేలకు దిగింది. 2021కి మళ్ళీ 13 వేలకెక్కింది. అక్కడ ప్రభుత్వం మారి కాపలా సడలింది, తప్పంతా మీ నెత్తిన వేయను. కానీ దిగినప్పుడు శభాష్ అని జేబులో చెయ్యి పెట్టాల్సింది మీరే గదా.

పిలిచిన పెద్దమనిషి రాష్ట్రం తీరు ఇంకా ముచ్చటగా ఉంటుంది. 2010లో కాలిఫోర్నియా ఆక్రేతో, మెక్సికోలోని చియాపస్‌తో పెళ్ళిచూపులు అయ్యాయనిపించింది. మీ అడవి క్రెడిట్లు మా మార్కెట్లోకి ఎట్టా తీసుకోవాలో చూస్తామంది. చూసి, చూసి, 2019 సెప్టెంబరులో పెళ్ళికూతురు ఎట్టా ఉండాలో కొలతలతో సహా ఒక ప్రమాణాల పత్రం ఆమోదించింది. ముహూర్తం మాత్రం పెట్టలేదు. ఆ పత్రం ప్రకారం ఒక్క టన్నయినా కొంటానని తన మార్కెట్ తలుపు తీయలేదు. ఆక్రే అంటే ఆషామాషీ రాష్ట్రం కాదు. రబ్బరు పాలు గీసుకుని బతికే షీకో మెండెస్ అడవికి అడ్డం నిలబడి, 1988 డిసెంబరులో తన ఇంటి దగ్గరే తుపాకి గుండుకు పోయిన చోటది. జర్మనీ ప్రభుత్వ బ్యాంకు ఆక్రేకు కొంత ఇచ్చింది, అదీ దాచను.

ఇవన్నీ లేచి నిలబడి అడుగుదామనుకున్నాను. ఈలోపల నా చేతిలో జాబితా పెట్టారు. దాన్ని చూశాక గవర్నర్లూ పోయారు, గుండెలూ పోయాయి.

నా నాలుగెకరాల్లో జామాయిల్ ఉంది. గట్టు మీద మూడు చింతచెట్లున్నాయి, మా తాత నాటినవి. జాబితాలో జామాయిల్ రాశారు, పక్కన "పరిశీలనలో" అని ఉంది. చింతచెట్లకెదురుగా సున్నా.

"ఏందబ్బాయ్ ఇది?" అన్నాను.

"అవి ముందునుంచీ ఉన్నవి గదా అంకుల్, కౌంట్ కావు."

"ముందునుంచీ ఉంటే ఎక్కువ లెక్కకు రావాలి గదా?"

"అట్ల కాదు అంకుల్. వాటిని మీరు కొట్టే ఉద్దేశం లేదు. కొట్టనివి కొట్టకపోతే కొత్తగా తగ్గిందేముంది?"

మా బావ పక్కనే ఉన్నాడు. పదిహేనేళ్ళ కింద పొగాకు ఆకు కాల్చే బ్యారన్‌లో కట్టెకని వేపలు, తుమ్మలు, ఒక పాత తోపంతా మొదలంటా కొట్టించిన మనిషి. నాలుగేళ్ళ కింద ఆ బీడులో మొక్కలు పెట్టాడు. అవన్నీ లెక్కలోకి వచ్చాయి. మరి కొట్టిన తోపో అంటే, పదేళ్ళు దాటితే దాన్ని చూడరట. పదేళ్ళు దాటితే పాపం మాఫీ! బావ నా మొహం చూడలేక మోకాలి మీది టోపీ సర్దుకున్నాడు.

అయ్యా కార్బన్ క్రెడిట్ గారూ, మర్యాదగానే అడుగుతున్నాను. ఆ చింతచెట్లను కొట్టే ఉద్దేశం లేదని ఎవరు చెప్పారు మీకు? మా చెల్లెలి పెళ్ళికి డబ్బు చాలక ఇల్లంతా తలకిందులైన రోజున, బ్యారన్ కట్టె కాంట్రాక్టరు మా గడపలోకే వచ్చి మూడు చెట్లకూ కలిపి రొక్కం చూపించాడు. మా అమ్మ సరేనంది. నేనూ సరేనన్నాను, చిన్నవాణ్ణి. మా నాయన పలకలేదు. తెల్లారి పోయి అరెకరం అమ్మి వచ్చాడు. మీ ఫారంలో పదిహేడు గడులున్నాయి. ఆ అరెకరం ఏ గడిలో రాయాలి?

ఏడాదికోసారి ఎవడో ఒకడు వచ్చి అడుగుతూనే ఉన్నాడు. అడిగినప్పుడల్లా వద్దన్నాం. వద్దన్న ప్రతిసారీ మూడు చెట్లు నిలబడ్డాయి. మీ లెక్కలో అది ఏమీ జరగనట్టు. కొట్టినవాడు మానుకుంటే పుణ్యం. కొట్టనివాడికి మానుకోవడానికేముంది, వాడికి పుణ్యమూ లేదు. తాగి తందనాలాడినవాడు తాగుడు మానితే ఊరు సన్మానం చేస్తుంది, పుట్టినప్పటినుంచి ముట్టనివాడి భార్యకు కాఫీ కూడా ఇవ్వరు. మీరు నడిపేది అదే సన్మానం.

ఇది నా ఒక్కడి గోడు అనుకున్నాను. కాదు. ఆ గవర్నర్ల వరసలో అమపా అని బ్రెజిల్ ఉత్తరపు అంచున రాష్ట్రం ఒకటుంది. దాని అడవి చాలామటుకు అట్టాగే నిలబడి ఉంది. పాత నరుకుడు సరాసరి తీసి, దానికంటే ఎంత తగ్గితే అంత డబ్బు అనేది మీ పద్ధతి గదా. అమపాకు పాత నరుకుడే తక్కువ, ఇక తగ్గేదేముంది? అదే పక్క రాష్ట్రం పారాలోనో, కింద పశువులకూ సోయాకూ అడవి చదును చేసిన మాతో గ్రోసోలోనో నరకడం తగ్గిస్తే టన్నులకు టన్నులు. నిలబెట్టిన అడవికీ ఏదో ఒకటి కట్టండయ్యా అని మొత్తుకోగా మొత్తుకోగా, ఈమధ్య కొన్ని పద్ధతుల్లో దానికీ చోటిచ్చారట. మా గట్టు దాకా ఆ చోటు ఇంకా రాలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను, పోస్టు టైము అవుతోంది.

2022 ఏప్రిల్‌లో కందుకూరును ప్రకాశం జిల్లాలోంచి తీసి నెల్లూరులో కలిపారు. నా పట్టాదారు పాస్‌పుస్తకంలో ప్రకాశం, మీ ఆన్‌లైన్లో అప్పట్లో నెల్లూరు. "జిల్లా మ్యాచ్ కావడం లేదు" అని రెండుసార్లు వెనక్కొచ్చింది. చెట్టు కదల్లేదు నాయనా, జిల్లా కదిలింది అని చెప్పినా ఎవరూ వినరే. ఓటీపీ ఏమో అమెరికాలో ఉన్న మా అబ్బాయి నంబరుకు పోతుంది. వాడికది అర్ధరాత్రి.

దేశం అడవుల సర్వే లెక్కలో, హెక్టారుకు తగ్గకుండా ఉండి పదిశాతం నీడ పరుచుకుంటే తోటలు కూడా అడవి విస్తీర్ణంలోకి వస్తాయి. అంటే ఢిల్లీకి నా జామాయిల్ అడవి. మీకు నా చింత చెట్టే కాదు. ఇద్దరూ ఒకసారి ఫోన్లో మాట్లాడుకోండి.

ఇక జామాయిల్. దాన్ని కొట్టొద్దన్నారు, ధర బాగున్న ఏడు కూడా కొట్టలేదు. రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను. పచ్చి కట్టె టన్నులో సుమారు సగం నీళ్ళు. మిగిలిన దాంట్లో సగం కర్బనం. దాన్ని కార్బన్ డయాక్సైడు బరువులోకి మార్చడానికి 44తో హెచ్చించి 12తో భాగిస్తే, టన్ను కట్టె నిలబడితే టన్నుకు కాస్త తక్కువ కార్బన్ డయాక్సైడు లోపల ఉన్నట్టు. టన్నుకు టన్ను అనుకుందాం. పేపరు మిల్లుకు తోలితే ఆ టన్నుకు వేలల్లో ఇస్తారు. మీ వైపు ధర? ఆ గవర్నర్ల కూటమిలోదే, ఇండోనేషియాలో తూర్పు కాలిమంతాన్. ప్రపంచ బ్యాంకు నిధితో 2.2 కోట్ల టన్నులకు 11 కోట్ల డాలర్ల వరకు అని ఒప్పందం, 2022 నవంబరులో తొలి విడత 2 కోట్ల డాలర్ల పైచిలుకు చేతికిచ్చారు. టన్నుకు 5 డాలర్లు. మన డబ్బులో నాలుగొందల చిల్లర. వాళ్ళకు ఆమాత్రం వచ్చింది, సంతోషం. కానీ బతికున్న టన్నుకు నాలుగొందలు, చచ్చిన టన్నుకు వేలు! మీరు చెట్టుకు కడుతున్నది ధరా, పాడె ఖర్చా?

పొగాకు వేలంలో నా బేలు చూసి నోబిడ్, అంటే కొనేవాడు లేడు అని మొహం మీద అన్నారు ఒక ఏడు. ఏడ్చుకుంటూ ఇంటికి తెచ్చుకున్నాను. అయినా ఆ మాట ఆ పూటే చెప్పారు. నోబిడ్ అని కూడా అనకుండా మూడేళ్ళు "ప్రాసెస్‌లో ఉంది అంకుల్" అంటారే, ఎవడయ్యా మీకు అంకుల్? మాకు టోపీలు పెట్టడానికి వచ్చారని ముందే చెబితే ఇస్త్రీ ఖర్చయినా మిగిలేది గదా! నిజంగానే టోపీ పెట్టి పంపారు గదయ్యా!

క్షమించాలి. ఇక్కడ కలం ఆగింది, మంచినీళ్ళు తాగి వచ్చాను.

కానుగ మొక్క ఇంటికి తెచ్చేసరికి ఆకులు రాల్చింది. పారేయబోతే మా ఆవిడ లాక్కుని దొడ్లో పెట్టి చెంబుడు నీళ్ళు పోసింది. ఇవాళ పొద్దున చూస్తే ఒక చిగురు వేసింది. అది మీ ఖాతాలో రాసుకోండి, అభ్యంతరం లేదు.

చింతచెట్ల విషయంలో మాత్రం ఒక నిర్ణయానికొచ్చాను. కొట్టే ఉద్దేశం కనపడితేనే మీకు చెట్టు కనపడుతుంది గనక, రేపు పొద్దున గొడ్డలి భుజాన పెట్టుకుని మొదటి చెట్టు కింద నిలబడి ఫోటో తీయించుకుంటాను. మా బావ తీస్తాడు. తేదీ, టైము పడేటట్టు తీయమన్నాను. దాన్ని నా పాత నరుకుడు కింద జమకట్టి, ఆ మరుసటి రోజు నేను మానుకున్నట్టు రాసుకోగలరు.

మా ఆవిడ ఈ ఉత్తరం చదివి, "గొడ్డలికి కామ ఊడిపోయి మూడేళ్ళయింది, ఏం పెట్టుకుని నిలబడతారు?" అంది. వడ్రంగిని అడిగితే, కామకు చింతకొమ్మ అయితే గట్టిగా ఉంటుంది, మీ గట్టు మీదే ఉన్నాయి గదా మాస్టారూ అన్నాడు. కొమ్మ కొట్టడానికి గొడ్డలి లేదు.

కాబట్టి ఫోటో కొంచెం ఆలస్యం కావచ్చు. ప్రాసెస్‌లో ఉంది.

ఇట్లు,
తమ లెక్కలో లేని
మూడు చింతచెట్ల తాలూకు మనిషి