లెక్క శివారు పల్లె నుంచి మొదలవ్వాలి

ఆస్పత్రి ఎంత దూరంలో ఉండాలని అడిగితే ప్లానింగ్ ఆఫీసులో మ్యాపు మీద స్కేలు పెట్టి చెప్తారు. జ్వరంతో ఉన్న పిల్లాణ్ని చంకనేసుకుని బయల్దేరే తల్లి మాత్రం వాగు దాటగలనా, తిరిగొచ్చేసరికి చీకటి పడుతుందా అని లెక్కేసుకుంటుంది. పట్టణం, పెద్ద ఊరు, పల్లె, శివారు పల్లె అంటూ ఒక ప్రాంతాన్ని అంచెలుగా అభివృద్ధి చేయాలంటే ఆ తల్లి లెక్కతోనే మొదలుపెట్టాలి. చాలాచోట్ల స్కేలుతో మొదలుపెట్టారు.

అంచెల ఆలోచనలో తప్పేం లేదు. 1933లో జర్మన్ భూగోళ శాస్త్రవేత్త వాల్టర్ క్రిస్టాలర్ దక్షిణ జర్మనీ ఊళ్లను పరిశీలించి దీనికో సూత్రం కట్టాడు. ఏ సేవ అయినా నిలబడాలంటే కనీసం ఇంతమంది వాడాలి. దానికోసం జనం ఇంత దూరమే వస్తారు. సబ్బు కోసం ఎవరూ పది కిలోమీటర్లు పోరు, కంటి ఆపరేషన్‌కైతే పోతారు. అందుకే చిల్లర కొట్టు ప్రతి ఊళ్లో ఉంటుంది, సర్జన్ పట్టణంలో ఉంటాడు. గంటలో మనిషి నడిచే దూరాన్ని బట్టి అట్టడుగు కేంద్రాల మధ్య ఏడు కిలోమీటర్లు, ఆ పై అంచెకు 12, ఇంకా పైన 21 అని ఆయన లెక్క. గీసి చూస్తే తేనెపట్టులా ముచ్చటగా ఉంటుంది.

ఆ ముచ్చటలోనే ప్రమాదం ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇదే క్రిస్టాలర్ నాజీల ప్రణాళికా విభాగంలో చేరి, ఆక్రమిత పోలండ్‌లో ఊళ్లు ఎక్కడెక్కడ ఉండాలో గీసిపెట్టాడు. అక్కడి జనాన్ని వెళ్లగొట్టి జర్మన్లను దింపడం ఆ పథకంలో భాగం. కాగితం మీద అది కూడా చక్కని తేనెపట్టే.

ఖాళీ నేల మీదైనా ఈ సూత్రం సాఫీగా నడిచిందా అంటే, నెదర్లాండ్స్ చూడాలి. ఒకప్పుడు సముద్రం ఉన్నచోట నీటిని తోడేసి 1942లో బయటికి తెచ్చిన నార్డోస్ట్‌పోల్డర్‌లో నడిమధ్య ఎమ్మెలోర్డ్ పట్టణం, చుట్టూ పది పల్లెలు కట్టారు. పొలం నుంచి పల్లెకు, పిల్లలు బడికి సైకిల్ మీద పోగలిగే దూరమే కొలత. ఇళ్లు కట్టి కాస్త కుదురుకునేలోపే కార్లు, ట్రాక్టర్లు వచ్చిపడ్డాయి. సైకిల్ కొలతకు అర్థం పోయింది, పల్లెలు అనుకున్నంత పెరగలేదు. ఆ తర్వాత 1957లో తేలిన పక్క పోల్డర్‌లో (ఇలా నీళ్లు తోడి తేల్చిన నేలను పోల్డర్ అంటారు) మొదట చాలా పల్లెలు గీసుకుని, చివరికి డ్రాంటెన్ పట్టణంతో పాటు రెండే కట్టారు. తప్పు తెలిసి ప్లాన్ మార్చుకున్నారు, అందుకు వాళ్లను మెచ్చుకోవాలి.

ఇంగ్లండ్‌లోని డర్హమ్ కౌంటీ అలా మార్చుకోవడానికి పాతికేళ్లు తీసుకుంది. బొగ్గు గనుల మీద బతికే ఊళ్లను 1951 ప్రణాళికలో ఏ, బీ, సీ, డీ అని నాలుగు రకాలుగా విడగొట్టారు. డీలో పడ్డవి వందకు పైనే. వాటిలో కొత్త ఇల్లు కట్టనివ్వరు, కొత్త పనులకు డబ్బు ఇవ్వరు. పాత ఇళ్లు శిథిలమయ్యే కొద్దీ కూల్చి జనాన్ని వేరేచోటికి తరలించాలి. మీ ఊరికి భవిష్యత్తు లేదని సర్కారే రాసిపెట్టాక బ్యాంకు అప్పిస్తుందా, కుర్రాళ్లు ఉంటారా? జనం ఏళ్ల తరబడి పోట్లాడితే 1977లో ఆ విధానాన్ని వదిలేశారు. కొన్ని ఊళ్లు అప్పటికే నేలమట్టమయ్యాయి. సేవలకు వేయాల్సిన అంచె మనుషులకు ర్యాంకుగా మారితే జరిగేది ఇదే.

అలాగని ప్రతి శివారు పల్లెకూ ఆస్పత్రి ఇవ్వలేం. ముప్పై ఇళ్లకు ఒక డాక్టర్ నిలవడు, నిలబెట్టాలని చూస్తే తాళం వేసిన భవనం మిగులుతుంది. ఇక్కడ నాకు నచ్చేది సంత. చైనాలోని సిచువాన్ సంతల మీద అమెరికన్ మానవ శాస్త్రవేత్త విలియం స్కిన్నర్ 1964-65లో రాసిన వ్యాసాల్లో సుమారు 18 పల్లెలకు ఒక సంత ఊరు కనిపిస్తుంది. ఆ సంత రోజూ ఉండేది కాదు. పది రోజుల్లో మూడుసార్లే, ఒకచోట 1, 4, 7 తేదీల్లో అయితే పక్క ఊళ్లో 2, 5, 8. ఒక్క ఊళ్లో బేరం గిట్టుబాటు కాని వర్తకుడు తిరుగుతూ బతికాడు, పల్లెవాళ్లకు దూరం తగ్గింది. దూరంతో తెగని చిక్కు తేదీలతో తెగింది. మొబైల్ క్లినిక్‌కు, బ్యాంకు సిబ్బందికి, రిజిస్ట్రేషన్ పనులకు ఇదే పద్ధతి ఎందుకు పనికిరాదు?

రోడ్ల సంగతి కూడా అంతే. నగరం నుంచి బయటికి వేసుకుంటూ పోతే చిన్న పట్టణాన్ని దాటేసి జనమంతా నేరుగా నగరానికే పోతారు, మధ్య అంచె ఎండిపోతుంది. ముందు పల్లె నుంచి దగ్గరి పట్టణానికి వేయాలి. ఇది ఇంజనీర్లకు తెలియక కాదు, పెద్ద రోడ్డుకు ఉన్న గ్లామర్ చిన్న కల్వర్టుకు లేదు.

ఇంకా చిన్న విషయం ఒకటి. ఓపీ మధ్యాహ్నం పన్నెండుకు మూసేస్తారు, శివారు పల్లె నుంచి మొదటి బస్సు పదకొండున్నరకు దిగుతుంది. మ్యాపులో ఆ పల్లెకు ఆస్పత్రి అందుబాటులో ఉన్నట్టే లెక్క. బస్సును రెండు గంటలు ముందే నడిపితే చాలు, కొత్త భవనం అక్కర్లేదు. కాకపోతే బస్సు ఒక శాఖది, ఆస్పత్రి ఇంకో శాఖది. ఆ ఇద్దరినీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టే పని ఎవరిదో చాలా ప్రణాళికల్లో రాసి ఉండదు.