ఒకటో నంబరు హెచ్చరిక

బంగాళాఖాతంలో డిప్రెషన్ వస్తే మన వ్యవస్థ ఎంత చక్కగా కదులుతుందో విశాఖలో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి నాకు బాగా తెలుసు. ముందు అల్పపీడనం అంటారు. బలపడితే వాయుగుండం, ఇంకా ముదిరితే తీవ్ర వాయుగుండం. పోర్టులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. వేటకు వెళ్లొద్దని మత్స్యకారులకు చెబుతారు. 2014 అక్టోబరు 12న మా ఊళ్లో తీరం దాటిన హుద్‌హుద్ గురించి కూడా రోజుల ముందే చెప్పారు.

మొన్నామధ్య డిప్రెషన్ నాకొచ్చింది. ఏ నంబరూ ఎగరలేదు.

బ్రష్ మీద పేస్టు వేసుకుని బాత్‌రూంలో స్టూలు మీద ఇరవై నిమిషాలు కూర్చునేవాణ్ణి. పేస్టు జారి కాలి మీద పడితే, దాన్ని తుడుచుకోవడం కూడా పెద్ద పనిలా కనిపించేది. మూడు నెలలు ఇదే వరస. మా పెద్దమ్మ దిష్టి తీసి, "రెండ్రోజుల్లో అదే పోతుంది" అని బులెటిన్ ఇచ్చింది. మా బావగారు మరీ నిక్కచ్చి మనిషి. "మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయట్రా? సాయంత్రం బీచ్‌రోడ్డులో నాలుగు కిలోమీటర్లు నడువు. నేను నడవట్లేదా?" అన్నారు.

సరే, డాక్టరును వెతుకుదామనుకున్నాను. మన దేశంలో లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా నిండుగా లేడు. లెక్కకు ముప్పావు మనిషి వస్తాడంటారు. ఆ ముప్పావు డాక్టరు నా వాటాకి ఎప్పటికి వస్తాడు? మాట్లాడించే సైకాలజిస్టులైనా దొరుకుతారేమోనని చూస్తే ఒక బోర్డు మీద కౌన్సెలింగ్, హిప్నాటిజం, సంఖ్యాశాస్త్రం ఒకే సైజు అక్షరాల్లో ఉన్నాయి. క్లినికల్ సైకాలజిస్టు అంటే ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలట కదా అని అడిగాను. ఆయన నా పుట్టినతేదీ అడిగాడు.

చట్టం మాత్రం నా పక్షమే. శరీరానికొచ్చే జబ్బుకి బీమా ఎలా ఇస్తారో మనసు జబ్బుకీ అలాగే ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మా బీమా కంపెనీ కూడా కాదనలేదు. కాకపోతే ఆసుపత్రిలో చేరాలంది. కూర్చుని మాట్లాడి ఇంటికొచ్చేస్తే అది ఓపీ, పాలసీలో లేదు. అంటే నేను ఇంకాస్త ముదిరే దాకా ఆగాలన్నమాట.

ఇక మిగిలింది 14416. టెలీ మానస్ అని మనసు బాధలు చెప్పుకోవడానికి ప్రభుత్వం వారు 2022లో పెట్టిన ఫోన్ నంబరు. తెలుగులోనే మాట్లాడతారు, పైసా తీసుకోరు. ఉచిత సలహాలు మా ఇంట్లోనే గంపలకొద్దీ ఉన్నాయి కాబట్టి మూడు రోజులు అనుమానించి నాలుగో రోజు చేశాను. అవతల ఆవిడ "నిద్ర ఎలా పడుతోందండీ?" అంది. ఆ మూడు నెలల్లో ఆ మాట అడిగింది ఆవిడొక్కతే. డాక్టరుకి చూపించుకోమని గట్టిగా చెప్పింది.

చివరికి ఒక క్లినిక్ దొరికింది. రెండో అంతస్తు. మొదటి అంతస్తులో పళ్ల డాక్టరు. నిర్మాణపరంగా ఇంతకన్నా గొప్ప వైద్య సదుపాయం నేను చూడలేదు. లిఫ్టులో అందరూ ఒకటే నొక్కుతారు, దవడ పట్టుకుని దిగుతారు, ఆపైన మెట్లెక్కుతారు. మా ఊళ్లో ఎవరైనా తిక్కగా మాట్లాడితే "చినవాల్తేరు పంపిస్తా" అంటారు. అక్కడున్నది ప్రభుత్వ మానసిక వైద్యశాల. పంటి నొప్పిని పట్టుకుని ఎవరూ అలా జోకులెయ్యరు. కనుక మానసిక వైద్యుడున్న ప్రతి భవనంలోనూ కింద విధిగా ఒక పళ్ల క్లినిక్ ఉండాలని ప్రభుత్వం వారు జీవో తేవాలి.

నా టోకెన్ పద్నాలుగు. హాల్లో అందరి మొహాలకీ పేపర్లు అడ్డం. ఎదుటి పేపరు కింద తెల్ల స్పోర్ట్స్ బూట్లు ఎక్కడో చూసినట్టనిపించాయి. పదకొండో నంబరు పిలవగానే పేపరు దిగింది. బావగారు.

"పన్ను పోటురా" అన్నారు.

"పళ్ల డాక్టరు కింద కదండీ బావగారూ."

పేపరు నాలుగు మడతలు పెట్టి పక్కన పెట్టారు. "మొదటి రెండు వారాలూ మందు పనిచేస్తున్నట్టే ఉండదు. ఈయన్ని అడక్కుండా మానెయ్యకు," అన్నారు మెల్లగా. రెండడుగులు వేసి వెనక్కి వచ్చారు. "మీ అక్కకి చెప్పకు."

"అక్కకి ఏమని చెప్పి వచ్చారు?"

"వాకింగ్‌కని."