కిడ్నీ రోగి ఎంఆర్ఐకి గాడోలినియం ఎందుకు, ఇనుముండగా?

కాంట్రాస్ట్ ఎంఆర్ఐ చేయించుకోవడానికి స్కానింగ్ సెంటర్‌కి వెళ్తే ముందు అడిగేది కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు. అందులో అంకె పెద్దదిగా ఉంటే ఫోన్లు మొదలవుతాయి. రేడియాలజిస్టు కిడ్నీ డాక్టరును (నెఫ్రాలజిస్టును) అడగమంటారు, ఆయన తప్పనిసరైతేనే చేయమంటారు. మధ్యలో రోగి ఇంటివాళ్లకు టెన్షన్. దీనంతటికీ కారణం సిరంజిలోని గాడోలినియం, స్కాన్‌లో బొమ్మ స్పష్టంగా రావడానికి ఎక్కించే లోహపు మందు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లలో చర్మం గట్టిపడి, కీళ్లు బిగుసుకుపోయే జబ్బుకు దీనితో లంకె ఉందని 2006లో బయటపడింది. 2014 నుంచి మెదడులో దాని నిల్వలు కనిపిస్తున్నాయని పరిశోధకులు చెబుతూ వచ్చారు. 2017లో యూరప్ గాడోలినియాన్ని వదులుగా పట్టుకునే పాతరకం ‘లీనియర్’ మందుల్లో కొన్నిటిని నిలిపేసింది. ఇదంతా పత్రికల్లో వచ్చిందే.

గాడోలినియంతో మన ఒంటికి ఏ పనీ లేదు. బయటికి పంపాల్సింది ప్రధానంగా కిడ్నీలే. అవే పని చేయనివాళ్లకు దాన్ని ఎక్కించి, ఆ తర్వాత డయాలసిస్‌తో కడిగేయాలని చూడటం నాకు మొదటినుంచీ మింగుడుపడదు. ఇనుము సంగతి వేరు. మన ఒంట్లో మూడు నాలుగు గ్రాముల ఇనుము ఎప్పుడూ ఉంటుంది. గాడోలినియం బదులు ఎంఆర్ఐలో వాడగలిగే ఫెరుమాక్సిటాల్ అనే మందు అతి సన్నని ఐరన్ ఆక్సైడ్ రేణువులకు చక్కెర జాతి పూత వేసి చేసింది. 17 మిల్లీలీటర్ల సీసాలో నల్లటి గోధుమరంగు ద్రవం, అందులో 510 మిల్లీగ్రాముల ఇనుము. అంటే దాదాపు రెండు యూనిట్ల రక్తంలో ఉండేంత. దాన్ని కాలేయం, ప్లీహంలోని మాక్రోఫేజ్ కణాలు మింగి, ఒంటి ఇనుము ఖాతాలో కలిపేస్తాయి. కిడ్నీలతో పని లేదు.

డయాలసిస్ రోగికి ఇది ఎంత ఉపయోగమో చూడండి. డయాలసిస్ కోసం చేతిలో ధమనినీ సిరనూ కలిపే ఫిస్టులా వేయాలంటే రక్తనాళాలు ఎలా ఉన్నాయో తెలియాలి. మెడ దగ్గర కాథెటర్లు పెట్టీ పెట్టీ ఛాతీలోని పెద్ద సిర మూసుకుపోయిందేమో చూడాలి. ట్రాన్స్‌ప్లాంట్ చేయాలంటే పొత్తికడుపు రక్తనాళాలు కనిపించాలి. సీటీ స్కాన్‌లో వాడే అయోడిన్, మిగిలిన కాస్త కిడ్నీ శక్తినీ దెబ్బతీస్తుందేమోనని భయం. ఇనుప రేణువులు గంటల తరబడి రక్తంలోనే తిరుగుతాయి. సగానికి తగ్గడానికే 14, 15 గంటలు పడుతుంది. టెక్నీషియన్ క్షణాలు లెక్కపెట్టుకుంటూ పరుగెత్తక్కర్లేదు, ధమనులూ సిరలూ తీరిగ్గా తీయొచ్చు. పైగా ఈ రోగుల్లో చాలామందికి రక్తహీనత ఉంటుంది, ఐరన్ ఎలాగూ ఎక్కించాలి. ఫెరుమాక్సిటాల్‌కు అమెరికాలో 2009లో అనుమతి వచ్చిందే కిడ్నీ రోగుల రక్తహీనతకు. ఒకే సూది వైద్యానికీ స్కానుకూ రెండిటికీ పనికొస్తుంది.

క్యాన్సర్‌లోనూ ఈ రేణువుల సత్తా 2003లోనే తేలింది. ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్న 80 మందికి ఇదే కోవకు చెందిన ఫెరుమాక్స్‌ట్రాన్ ఇచ్చి చూశారు. మామూలు లింఫ్ గ్రంథి ఇనుమును పీల్చుకుని స్కాన్‌లో నల్లబడుతుంది, క్యాన్సర్ చేరిన చోటు తెల్లగానే ఉండిపోతుంది. మామూలు ఎంఆర్ఐ 35.4 శాతం క్యాన్సర్ గ్రంథుల్ని పట్టుకుంటే, ఇది 90.5 శాతం పట్టుకుంది.

ఇనుము వద్దనేవాళ్లు అనాఫిలాక్సిస్ మాట ఎత్తుతారు. ప్రాణం తీసే అలర్జీలు వచ్చిన మాట నిజమే, 2015లో అమెరికా గట్టి హెచ్చరిక పెట్టిందీ నిజమే. అందుకే నెమ్మదిగా, కనీసం 15 నిమిషాలు ఎక్కించి, తర్వాత అరగంట కనిపెట్టుకుని ఉండాలి. ఒంట్లో ఇనుము ఎక్కువైన తలసీమియా రోగుల్లాంటి వాళ్లకు ఇవ్వకూడదు. ఎంఆర్ఐ కోసం 3,215 మందికి ఇచ్చిన 4,240 ఇంజెక్షన్ల లెక్క 2019లో అచ్చయింది. ప్రాణాపాయం ఒక్కటీ లేదు. గాడోలినియాన్ని పంజరంలా బిగించి ఉంచే కొత్త ‘మాక్రోసైక్లిక్’ మందులు పాతవాటికంటే చాలా నయమన్నదీ ఒప్పుకుంటాను. అయినా అవి కూడా ఒంటికి పరాయివే.

మరి స్కాన్లకు ఇంత బాగా పనికొచ్చే ఇనుప రేణువుల మందులు ఎందుకు మూలపడ్డాయి? కాలేయ స్కాన్ల కోసం 1996లో అమెరికాలో అనుమతి పొందిన ఇదే కోవ మందు ఫెరిడెక్స్ ఇప్పుడు మార్కెట్లో లేదు. ఫెరుమాక్స్‌ట్రాన్ యూరప్ దరఖాస్తు 2007లో వెనక్కి వెళ్లిపోయింది. చూపిన ఆధారాలు చాలవని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ అంది. అంటే ఇంకా ట్రయల్స్ కావాలి. లాభం గ్యారంటీ లేని ట్రయల్‌కు ఏ కంపెనీ డబ్బు పెడుతుంది? అసలు జబ్బు ఇక్కడుంది. ఏ పరీక్ష రోగికి అందాలో అమ్మకాల లెక్కే తేలుస్తున్నంతకాలం, డయాలసిస్ బెడ్ మీద ఉన్న పేదవాడు వరుసలో చివర్నే ఉంటాడు.

ఆ ట్రయల్స్ ప్రభుత్వమే చేయించాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి మండలాల్లో ఏ ఊరికెళ్లినా కిడ్నీ రోగి ఉన్న ఇల్లు కనిపిస్తుంది. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం కట్టారు. బల్క్ డ్రగ్స్‌కు పేరుపడ్డ హైదరాబాద్ ఉంది. ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు సెలైన్‌లో కలిపి ఐరన్ సుక్రోజ్ ఎక్కించే నర్సులకు, ఐరన్ ఎక్కించేటప్పుడు రోగిని ఎలా కనిపెట్టుకోవాలో తెలుసు. కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ డబ్బు పెట్టి, ఫిస్టులా కోసం ఎదురుచూస్తున్న ఉద్దానం రోగులతోనే, వాళ్ల ఇష్టప్రకారం, మొదటి ట్రయల్ పలాసలో మొదలుపెట్టాలి.