ప్లాన్ తర్వాత పెంచుదురు గానీ, ముందు రౌటర్ మీద గుడ్డ తియ్యండి

పండగ సెలవులైపోయి వారం దాటింది గానీ నా కోపం చల్లారలేదు. అందుకే ఇంట్లో వైఫై మీద ఈ పోస్టు. పొడుగ్గానే ఉంటుంది, తీరికున్నవాళ్ళే చదవండి.

మా అత్తారిది నరసాపురం పక్కన పల్లెటూరు. హైదరాబాద్ ఆఫీసు పని ఇక్కడే మేడ మీద గదిలో కూర్చుని చేసుకుంటాను. ఇంట్లో 200 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది. మొన్న కనుమకి అందరం రేవు దాటి జగ్గన్నతోట ప్రభల తీర్థానికెళ్ళాం. భుజాల మీద మోసుకొచ్చే ప్రభలు కౌశిక ఏట్లోకి దిగుతుంటే ఎవరి ఫోన్లో వాళ్ళు తీసిన వీడియోలన్నీ మా ఆయన లాప్‌టాప్‌లో పోగేస్తే 64 జీబీ తేలాయి. అవన్నీ మావయ్యగారి కంప్యూటర్లోకి కావాలి. అది వెనక గదిలో ఉంటుంది, లాప్‌టాప్ ముందు హాల్లో ఉంది. ఇంట్లో నెట్‌వర్క్ పెట్టుకుని పెన్‌డ్రైవ్ పట్టుకుని తిరగడమేంటని ఫోల్డర్ షేర్ చేసి కాపీ కొట్టాం. సెకనుకి 2 ఎంబీ. ఇంకా 9 గంటలట.

"ప్లాన్ సరిపోవట్లేదమ్మాయ్, 300కి మార్పించేద్దాం" అన్నారు మావయ్యగారు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే అక్కడా అదే పాట. సమస్యేంటో సగం విననేలేదు, ఏడాదికి కడితే నెల ఉచితమని మొదలెట్టాడు. అక్కడ మండింది నాకు.

హాల్లోంచి వెనక గదిలోకి వెళ్ళే ఫైలుకి ఇంటర్‌నెట్‌తో పనేంటండీ? అది గుమ్మం దాటి బయటికెళ్ళదు. లాప్‌టాప్ నుంచి రౌటర్‌కి, రౌటర్ నుంచి కంప్యూటర్‌కి, అంతే. నోటితో చెబితే మావయ్యగారు నమ్మలేదు. సరేనని ఫైబర్ డబ్బా (మా రౌటర్ కూడా అదే) వెనక ఉండే ఆ సన్న పసుపు తీగని, వంగకుండా మెల్లిగా, ఆయన ముందే పీకేశాను. ఎర్ర దీపం వెలిగింది. టీవీలో సీరియల్ ఆగిపోయింది, అత్తయ్యగారి కేక వినిపించింది. కాపీ మాత్రం అదే 2 ఎంబీతో నిమ్మళంగా నడుస్తూనే ఉంది. మావయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

ఆయన రైతు కాబట్టి ఆయన భాషలోనే చెప్పాను. ధవళేశ్వరం దగ్గర నీళ్ళు నిండుగా ఉన్నా మన శివారు చేనుకి రావట్లేదంటే ఎక్కడ చూస్తారు? బోదెలో గుర్రపుడెక్క ఉందేమో, తూము దగ్గర ఎవరైనా అడ్డేశారేమో చూస్తారు గానీ బ్యారేజీ దగ్గర కాలువ గేట్లు ఇంకా ఎత్తమని రాజమండ్రి ఫోన్ చెయ్యరు కదా. ఇంట్లో వైఫై విషయంలో మాత్రం మనందరం చేసేది అదే.

ఇక మా బోదె సంగతి. రౌటర్ ఉన్నది టీవీ స్టాండులో అద్దాల అర లోపల. దాని వెనకే ఇనప బీరువా. పైన అత్తయ్యగారు అల్లిన లేసు గుడ్డ. నరసాపురం లేసు సముద్రాలు దాటి వెళ్తుంది గానీ మా ఇంట్లో మిక్సీకి, ఫ్రిజ్ హ్యాండిల్‌కి, రౌటర్‌కి కూడా లంగా ఓణీలే. గుడ్డ సిగ్నల్‌ని ఆపదు, అన్యాయంగా మాట్లాడకూడదు. డబ్బా వేడిని మాత్రం బయటికి పోనివ్వదు, ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. సిగ్నల్‌కి అసలు గోడ ఆ బీరువా. ఇనుము రేడియో తరంగాలకి అద్దంలాంటిది, వచ్చింది వచ్చినట్టు వెనక్కి కొట్టేస్తుంది. దానికి తోడు పాతకాలపు ఇల్లు, మూరెడు మందం గోడలు. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వేగంగా వెళ్తుంది గానీ అలాంటి గోడ ఒకటి దాటేసరికే నీరసపడుతుంది, రెండోది దాటితే లేనట్టే. 2.4 దాటుతుంది గానీ దానిది నత్తనడక. ఫోన్లో ఆ రెండింటికీ ఒకే పేరు కనిపిస్తుంటుంది కాబట్టి మనం దేన్లో ఉన్నామో మనకే తెలీదు.

ఇంకోటి చెప్పాలి, ఇది చాలామందికి కొత్త. వైఫై అంటే దాళ్వా (రెండో పంట) నీళ్ళలాగా వంతులవారీ. ఒక చానల్‌లో ఒకసారి ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్ళు ఆగాలి. పెరట్లో జామచెట్టు కింద కూర్చుని పాత ఫోన్లో రీల్స్ చూసే చిన్న మరిది వంతు వచ్చినప్పుడు, సిగ్నల్ అందక వాడి డేటా చుక్కచుక్కగా వెళ్తుంది. ఆ కాస్త డేటాకే బోలెడు సేపు తూము వాడి వైపే తెరిచి ఉంటుంది. దెబ్బ ఇంటిల్లిపాదికీ. లాప్‌టాప్, కంప్యూటర్ రెండూ వైఫైలోనే ఉంటే అదే ఫైలు గాల్లో రెండుసార్లు ప్రయాణం చెయ్యాలి, లాప్‌టాప్ నుంచి రౌటర్‌కి ఒక వంతు, రౌటర్ నుంచి కంప్యూటర్‌కి ఇంకో వంతు. వేగం అక్కడే సగం పోయింది. పాలకొల్లులో మా పెద్దమావయ్యగారింట్లో మూడు రిపీటర్లు పెట్టించారు, నాలుగు గీతలూ నిండుగా చూపిస్తాయి, వాట్సాప్ ఫొటో మాత్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. మామూలు రిపీటర్ కూడా విన్నదాన్ని మళ్ళీ గాల్లోనే అప్పజెప్పాలి కదా.

సరే, రౌటర్ని అర బయటికి లాగి కిటికీ పక్కన ఎత్తులో పెట్టాం. లాప్‌టాప్‌కి 5 గిగాహెర్ట్జ్ దొరికింది. కాపీ మాత్రం 3 దాటలేదు. వెనక గదిలోకెళ్ళి టేబుల్ కిందకి దూరి చూశాను. కంప్యూటర్ వెనక వైఫై అందుకునే గోళీకాయంత డాంగిల్, అదీ 2.4ది. దాని పక్క రంధ్రంలోనే, నీలంరంగు దాంట్లో, బయటి హార్డ్ డిస్క్. వీడియోలన్నీ పోతున్నది ఆ డిస్క్‌లోకే. యూఎస్‌బీ 3 తీగల నుంచి వచ్చే రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా ఉంటుంది. ఇంటెల్ వాళ్ళు 2012లోనే దీని మీద ఒక పత్రం రాసి పెట్టారు. డిస్క్ పెరికి చూస్తే సిగ్నల్ రెండు గీతలు లేచింది, మళ్ళీ పెడితే పడిపోయింది. పిల్లలకి ఆట దొరికింది, పది సార్లు చేయించారు. డాంగిల్‌ని మూరెడు యూఎస్‌బీ తీగతో పైకి తెచ్చి కిటికీ ఊచకి కడితే 5కి వచ్చింది. పైసా ఖర్చు లేదు.

5తోనూ మూడున్నర గంటలు పడుతుంది కాబట్టి రౌటర్ నుంచి కంప్యూటర్‌కి వైరు లాగిద్దామన్నాను. కొట్టు కుర్రాడు వచ్చాడు, మంచివాడే, వైరు గోడ పక్కనుంచి నీటుగా లాగాడు. కాపీ 11 ఎంబీ దగ్గర గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోయింది. ఆ 11 చూడగానే నాకు అనుమానం. కంపెనీలు చెప్పే 100 ఎంబీపీఎస్‌లో బీ అంటే బిట్, కాపీ కిటికీలో కనపడే ఎంబీలో బీ అంటే బైట్. ఎనిమిది బిట్లు ఒక బైటు. 100ని 8తో భాగిస్తే 12.5, దారి ఖర్చులు పోను 11. అంటే లింకు 100 దగ్గరే ఇరుక్కుందన్నమాట. (మన 200 ప్లాన్ కూడా 25 ఎంబీయే, ఎవరూ బోర్డు మీద అలా రాయరు.) ప్లగ్గుని వెలుతురుకి పెట్టి చూస్తే లోపల నారింజ జంట, ఆకుపచ్చ జంట ఉన్నాయి. నీలం, గోధుమరంగు జంటలు మొదట్లోనే కత్తిరించేశాడు.

"ఏంటి బాబూ ఇది?"

"ఆయ్, నాలుగు తీగలు సాలండి. అందరికీ ఇలాగే కొడతామండి."

100కి నాలుగు చాలు, నిజమే. గిగాబిట్‌కి, అంటే 1000కి, ఎనిమిదీ కావాలి. డబ్బులిచ్చి కొన్న వైరులో సగం కోసి పారేశావు నాయనా అని నవ్వుతూనే అన్నాను గానీ లోపల ఉడికిపోయింది, ఎందుకంటే ఈ మండలంలో ఎన్ని ఇళ్ళలో ఇలా కొట్టి ఉంటాడో! మళ్ళీ ఎనిమిదీ వేయించి, ఫైబర్ డబ్బాలో గిగాబిట్ అని రాసి ఉన్న పోర్టులోనే పెట్టించాను. మా డబ్బాకి పోర్టులు నాలుగున్నా గిగాబిట్‌ది ఒకటే, మీవీ చూసుకోండి. అప్పుడు 38 ఎంబీ. 64 జీబీ అరగంటలోపు.

ఇది వేగం గొడవ. దీనికి ముందు అసలు కంప్యూటరే కనిపించని గొడవ ఇంకోటి పడ్డాం, అందులో తప్పు నాదే. మేడ మీద నా పనికి విడిగా ఒక రౌటర్ పెట్టుకున్నాను. కింద ఫైబర్ డబ్బా ఇంట్లో కంప్యూటర్లకి, ఫోన్లకి 192.168.1తో మొదలయ్యే చిరునామా అంకెలు పంచుతుంటే నా రౌటర్ 192.168.0 పంచుతోంది. ఒకే ఇంట్లో వేరు కాపురాలు. లాప్‌టాప్ నా వైఫైలో ఉంటే కింద కంప్యూటర్‌కి అది ఉన్నట్టే తెలీదు. నా రౌటర్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి, అంటే అంకెలు పంచకుండా వైఫై మాత్రం ఇచ్చేలా మార్చేసరికి అందరూ ఒకే పొయ్యి కిందకొచ్చారు. తర్వాత విండోస్‌లో నెట్‌వర్క్ 'పబ్లిక్' అని ఉంటే 'ప్రైవేట్' చెయ్యడం, పాస్‌వర్డ్ ఉన్న యూజర్‌తో లోపలికెళ్ళడం, అంతే. చుట్టాలకిచ్చే గెస్ట్ వైఫైలో ఉంటే మాత్రం కనపడకపోవడమే ధర్మం, దాన్ని పెట్టేదే అందుకు.

ఈలోగా పెద్ద మరిది ఏదో వీడియో చూసొచ్చి "వదినా, ఫైర్‌వాల్ ఆపేసి, ఎస్‌ఎంబీ 1 ఆన్ చేసి, ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చెయ్, టక్కున వచ్చేస్తుంది" అన్నాడు. వస్తుంది నాయనా, ఫైళ్ళతో పాటు దొంగలూ వస్తారు. ఎస్‌ఎంబీ 1 అంటే విండోస్‌లో ఫైళ్ళు పంచుకునే పాత పద్ధతి. 2017 మే నెలలో, ఫైళ్ళకి తాళమేసి డబ్బులడిగే వనాక్రై ప్రపంచమంతా పాకింది సరిగ్గా ఆ కన్నంలోంచే. మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కాయి. దానికి మందు, అంటే మైక్రోసాఫ్ట్ అప్‌డేట్, మార్చిలోనే వచ్చింది, వేసుకోనివాళ్ళే పడ్డారు. అందుకే ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి దాన్ని మామూలుగా పెట్టడమే మానేశారు. దొడ్డి తలుపు గడియ బిగుసుకుందని తలుపే ఊడబీకమనేవాళ్ళ వీడియోలకి లక్షల్లో వ్యూస్, ఏం చేస్తాం!

కాపీ అయిపోయాక మావయ్యగారు ప్రభల వీడియోలు రాత్రి పదకొండింటి దాకా చూశారు. మర్నాడు పొద్దున్నే ప్రెసిడెంటుగారింటికి కాఫీకెళ్ళి, వాళ్ళ రౌటర్ అక్వేరియం వెనక ఉందని కనిపెట్టి, నీళ్ళు కూడా సిగ్నల్ తాగేస్తాయని క్లాసు పీకి వచ్చారట. నిజమే, తాగుతాయి.

కస్టమర్ కేర్ నుంచి నిన్న మళ్ళీ ఫోన్, 300 ప్లాన్ సంగతి ఏం చేశారని. అత్తయ్యగారు ఎత్తి "మా కోడల్ని అడగాలి బాబూ" అని పెట్టేశారు. లేసు గుడ్డ ఇప్పుడు ఇన్వర్టర్ మీద ఉంది. దాని సంగతి వచ్చే వారం చూడాలి.