‘రచన: జానపదం’ అని వేస్తే సరిపోతుందా?

సినిమా విడుదలైన రోజే పైరసీ కాపీ ఫోన్లలోకి వచ్చేస్తే ఫిల్మ్‌నగర్ గగ్గోలు పెడుతుంది. పెట్టాల్సిందే, వందలమంది కష్టం అది. ఆ గోడు విని 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించారు. దొంగచాటుగా సినిమాను రికార్డు చేస్తే 3 ఏళ్ల దాకా జైలు, 3 లక్షల రూపాయలకు తగ్గకుండా జరిమానా. నిర్మాణ వ్యయంలో 5 శాతం వరకూ వేయొచ్చు.

ఇప్పుడు మరో పల్లె పాట తెర మీద మోగుతోంది. రచన అన్నచోట మళ్లీ అదే ఒక్క మాట: జానపదం. కట్టినవారి పేరు లేదు, ముందుగా పాడినవారి పేరూ లేదు. పైరసీ మీద ప్రెస్‌మీట్లు పెట్టే పరిశ్రమ చేయాల్సిన పనేనా ఇది?

జానపదం అందరి సొత్తు, దానికి యజమాని ఎక్కడని నిర్మాతలు అంటారు. తరతరాలుగా వస్తున్న పాట విషయంలో అది నిజమే. దాన్ని కాపాడే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. కానీ పాత పల్లవికి కొత్త చరణాలు కట్టినవాళ్లు మన మధ్యే బతికున్నారు. ఆ చరణాల మీద హక్కు బతికున్నంత కాలం వాళ్లది, ఆ తర్వాత 60 ఏళ్లు వారసులది. పాటను అమ్ముకున్నా పేరు వేయమని అడిగే హక్కు మాత్రం పోదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ చెప్పేది అదే. థియేటర్ బయట ఆ పాట సంపాదించే రాయల్టీలో రచయితకు సమాన వాటా ఉందని 2012 సవరణ తేల్చింది. ‘నాకొద్దు’ అని రాయించుకున్న కాగితం చెల్లదు. గాయకులకూ పేరు హక్కు అప్పుడే వచ్చింది.

తెలిసి ఉల్లంఘిస్తే 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు. సినిమాను కాపీ కొట్టి అమ్మేవాడి మీద కేసు పెట్టేదీ ఈ కాపీరైట్ చట్టం కిందే! అక్కడ దొంగతనం అయినది ఇక్కడ ‘సేకరణ’ ఎలా అవుతుంది?

నాట్లు వేసుకునే గాయని హైదరాబాద్ వచ్చి, లాయర్‌ను పెట్టుకుని, వాయిదాలకు తిరగలేదని వీళ్లకు బాగా తెలుసు. ఆ ధైర్యంతోనే ఇదంతా సాగుతోంది. ఫిల్మ్ చాంబర్ పెద్దలకు ఇది కనబడటం లేదంటే నమ్మలేం. తమ సొమ్ము పోతే చట్టం కావాలి, పేదల పాట తెచ్చుకునేటప్పుడు మాత్రం చట్టం అక్కర్లేదా?

ఈసారి పైరసీ ఫిర్యాదు పట్టుకుని సైబర్ క్రైమ్ స్టేషన్ మెట్లెక్కే ముందు, మీ సినిమాలోని ఆ పాట ఎవరిదో కనుక్కుని, పేరు వేసి, డబ్బు ఇచ్చి వెళ్లండి.